ఎడమ పక్క కాలువ

మా ఆయనకి ఎడమ పక్క లోకం పోయింది. కళ్ళు పోలేదు. రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయని కళ్ళ డాక్టరు దీపం వేసి మరీ చూసి చెప్పాడు. పోయిన వేసవిలో వచ్చిన పక్షవాతం చెయ్యినీ కాలునీ కొన్నాళ్ళు సతాయించి వదిలేసింది కానీ, తలలో ఎడమ వైపుని కనిపెట్టుకుని ఉండే చోటుని మాత్రం వెంట పట్టుకుపోయింది. ఇది ఒంగోలు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చెప్పిన మాట. ఆ డాక్టరు అవసరానికి మించి చదివాడని మా ఆయన అభిప్రాయం.

ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఎక్కువగా ఒంగోలు, దర్శి రూటు చేశారు. సర్వీసంతా ఆయన బస్సు ఎవరినీ తగల్లేదు. ఒకసారి ఎద్దుబండి ఒకటి వచ్చి ఆగి ఉన్న బస్సుకి తగిలింది. అది ఎద్దుల తప్పేనని బండి తోలేవాడు కూడా ఒప్పుకున్నాడు. అలాంటి మనిషిని పరీక్ష చేసి అన్‌ఫిట్ అన్నారు. ఆ మాట విని ఇంటికి వచ్చాక ఆయన యూనిఫాం ఉతికించి, ఇస్త్రీ చేయించి, బీరువాలో పెట్టుకున్నారు.

లేనిది ఏదో ఆయనకి తెలియదు. అదే మా ఇంట్లో చిక్కు. అన్నం పెడితే కంచంలో కుడి సగం తిని, "కూర వెయ్యలేదేందే?" అనేవారు. కూర ఎడమ పక్క ఉండేది. నేను కంచాన్ని సగం తిప్పేదాన్ని. కూర ప్రత్యక్షమయ్యేది. "ముందే వెయ్యొచ్చుగా" అని విసుక్కునేవారు. ఒక ఆదివారం గడ్డం కుడి పక్క మాత్రమే గీసుకుని చర్చికి తయారయ్యారు. నేను చూసేసరికి వాకిట్లో చెప్పులేసుకుంటున్నారు. ఒకే చెప్పు. రెండోది దొంగలెత్తుకుపోయారని అప్పటికే తీర్మానించేశారు. ఆ రోజు పాస్టరు గారు ప్రార్థనలో ఆయన్ని ప్రత్యేకంగా జ్ఞాపకం చేసుకున్నారు. ఆమేన్ అందరికంటే గట్టిగా మా ఆయనే చెప్పారు, ప్రార్థన వేరే ఎవరికోసమో అన్నట్టుగా.

ఆసుపత్రిలో ఆయనకి వ్యాయామం చేయించే అమ్మాయి మాత్రం నాతో విడిగా మాట్లాడింది. "ఆ పక్క తనకి లేదని సార్‌కి తెలియాలండీ. తెలిస్తే తల తిప్పుకుని చూసుకుంటారు. ఆ అలవాటు వస్తే ఒంటరిగా బయటికి పంపొచ్చు. రాకపోతే మాత్రం వీధి దాటినా ప్రమాదమేనండీ" అంది. నన్ను ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కే నిలబడి మాట్లాడమంది. తల తిప్పేదాకా జవాబు చెప్పొద్దని కూడా అంది. నేను మొదటి రోజు అలాగే చేశాను. ఆయన కుడి పక్క గోడతో చాలాసేపు మాట్లాడారు. రెండో రోజు నాకే జాలేసి కుడి పక్కకి వెళ్ళిపోయాను.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి అల్లరిమూకని కంటిచూపుతో కూర్చోబెట్టగలను. ఆ చూపు ఆయన ఎడమ పక్క నుంచి పనికిరాలేదు.

ఆయన కోరిక చాలా చిన్నది. పొద్దున్నే ఒంటరిగా బస్టాండు దాకా నడిచి, తోటి డ్రైవర్లతో టీ తాగి, డిపో తగువులు విని రావాలి. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. ఒకరోజు నేను బళ్ళో ఉండగా చెప్పకుండా వెళ్ళారు. ఆటోలో తిరిగొచ్చారు. ఆ ఆటోకే తగిలి, దాంట్లోనే వచ్చారు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆటో అబ్బాయి వాకిట్లో నిలబడి, "హారన్ కొడతానే ఉన్నా టీచరుగారూ, ఈయన నా బండిలోకే నడుచుకుంటా వచ్చాడు" అన్నాడు. మా ఆయన మాత్రం ఆటో ఆకాశంలోంచి దిగిందన్నారు. ఆ సాయంత్రం నుంచి గేటుకి తాళం వెయ్యడం మొదలుపెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో నాకు బొత్తిగా నచ్చనిది అదే.

సైకిలు సలహా ఆ వ్యాయామం అమ్మాయిదే. బండ్లు తిరగని చోటు చూసుకుని తొక్కించమంది. బండ్లు తిరగని చోటు అంటే మా వైపు ఒక్కటే ఉంది, సాగర్ కాలువ కట్ట. లారీలు ఎక్కకుండా మొదట్లో ఇనప గేటు పెట్టారు. పక్కన సైకిలు పట్టేంత సందు వదిలారు. ఆ సందులోంచి దూరితే ఇక ఆటో లేదు, ట్రాక్టరు లేదు, హారన్ లేదు. ఒక పక్క కాలువ, రెండో పక్క కింద మిరప చేలూ పత్తి చేలూ. కట్ట అలాగే పోయిపోయి, ఏటి పల్లంలోకి దిగుతుంది. పుస్తకంలో అయితే నదీలోయ అని రాస్తారు. మా ఏటిని నది అంటే అదే సిగ్గుపడుతుంది. వానాకాలంలో నాలుగు రోజులు ఏరుగా ఉండి, తరవాత ఇసుకగా ఉంటుంది.

ఆయనకి పాత నల్ల సైకిలు, నాకు మా అమ్మాయి కాలేజీకి తొక్కిన బుట్ట సైకిలు. మొదటి శనివారం బయల్దేరుతుంటే ఎదురింటావిడ గేటు దగ్గరికి వచ్చి, "ఈ వయసులో మీకు సైకిలేందండీ టీచరుగారూ?" అంది. "పెట్రోలు రేటు చూశారుగా" అన్నాను. ఆవిడ తల ఊపింది. మా వీధిలో ఏ ప్రశ్నకైనా అది చెల్లే జవాబే.

కట్ట ఎక్కగానే ఆయన డ్రైవరైపోయారు. నన్ను వెనక రమ్మన్నారు. పక్కపక్కన తొక్కడం రూల్సుకి విరుద్ధమట. మలుపు వస్తే గంట కొట్టేవారు. కుడిచెయ్యి చాపి సిగ్నలు ఇచ్చేవారు, వెనక నేనొక్కదాన్నే ఉన్నా సరే. ఊళ్ళోకి దారి చీలే చోటల్లా వేగం తగ్గించి, ఎవరైనా ఎక్కుతారేమోనని చూసి, ఎవరూ లేకపోతే అసంతృప్తిగా ముందుకి సాగేవారు. కానీ ఆయన నడుం నిటారుగా ఉంది. ఎన్నో నెలల తరవాత ఆయన వీపుని అలా చూశాను. నాకు సంతోషం వేసింది. అందుకే కాలువ ఎడమ పక్కనుందన్న సంగతి కాస్త ఆలస్యంగా తట్టింది.

మనిషికి ఏ పక్క ఏమీ కనపడదో ఆ పక్కకే సైకిలు జరుగుతూ పోతోంది. కుడికి రమ్మని చెప్పాలి. చెప్పాను. కానీ ఇన్నేళ్ళ బడి, ఇంగ్లీషు మీడియం సెక్షన్లు, డ్రిల్లు పీరియడ్లు అన్నీ కలిసి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రైట్! రైట్!" అని అరిచాను.

ఆర్టీసీ డ్రైవరుకి రైట్ అంటే కుడి కాదు. రైట్ అంటే పోనియ్యి అని. కండక్టరు వెనక నుంచి రైట్ రైట్ అంటే గేరు మార్చి ముందుకి ఉరికించడం తప్ప ఆ కాలు ఇంకోటి నేర్చుకోలేదు. ఆయన పెడలు మీద లేచి నిలబడి తొక్కారు. నేను ఇంకా గట్టిగా రైట్ అన్నాను. ఆయన ఇంకా గట్టిగా తొక్కారు. నా అరుపూ ఆయన వేగమూ పోటీ పడి, చివరికి సైకిలు కట్ట దిగిపోయింది.

వాలులో సర్కారు తుమ్మ ఉంది కాబట్టి సరిపోయింది. ఆ చెట్టుని తిట్టని రైతు మా జిల్లాలో లేడు. నేను మాత్రం ఆ రోజు నుంచి మానేశాను. ఆయన ముళ్ళ మధ్య కూర్చుని, హ్యాండిల్ ఇంకా వదలకుండా, పైకి చూశారు. కింద నీళ్ళు నిదానంగా పోతున్నాయి.

"రైట్ అన్నావు గదే!"

"కుడి పక్కకి రమ్మన్నానండీ!"

"కుడి అంటే కుడి అనాలి. రైట్ అంటే పోక ఏం చెయ్యాలి నేను? తెలుగు రాదా నీకు?"

"ఎడమ పక్క కాలువ ఉంది కదండీ, కనపళ్ళేదా?"

"కాలువ ఇటేపుకి జరిగింది" అన్నారు ఆయన.

కోపంతో అన్నది కాదు. నిజంగానే నమ్మి అన్నారు. ఇంటికొచ్చాక నేను పిన్నీసుతో ముళ్ళు తీస్తుంటే, కాలువని ఇష్టమొచ్చినట్టు తవ్విన కాంట్రాక్టర్ల గురించి వివరంగా చెప్పారు. ముళ్ళ కంటే ఆ మాటలే నన్ను ఎక్కువ గుచ్చాయి. కాలువ జరుగుతుందని నమ్మేవాడు రోడ్డు ఎలా దాటుతాడు? ఈయన్ని ఇక జన్మలో ఒంటరిగా గేటు దాటించలేనని నాకు రూఢి అయిపోయింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. సైకిళ్ళు మూలన పెట్టేశాను.

ఆయన పోట్లాడలేదు. అది చూసి నాకు మరీ భయమేసింది. ఆయన నోరు ఎలాంటిదంటే, ఆయన బస్సులో సీటు కోసం కొట్టుకునేవాళ్ళు కూడా ఆయన వెనక్కి తిరిగి ఒక్కమాట అంటే సర్దుకుని కూర్చునేవాళ్ళు. అలాంటిది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పొద్దస్తమానం తాళం వేసిన గేటునే చూసేవారు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి, "నన్ను గూడా ఆ బీరువాలో పెట్టు" అన్నారు. ఏ బీరువా అని అడగక్కర్లేదు. ఆ శనివారం సైకిళ్ళకి గాలి కొట్టించాను.

ఈసారి కట్ట మీద ఆయనకీ కాలువకీ మధ్య నేను తొక్కాను. ముందే చెబితే ఆయన ఒప్పుకోలేదు, ఎడమ నుంచి ఓవర్‌టేక్ చెయ్యడం రూల్సుకి విరుద్ధమని దారంతా తిట్టారు. తిట్టనిచ్చాను. ఆ పక్కనున్నంతసేపూ నేను ఆయనకి లేను, నా గొంతు మాత్రమే ఉంది. తిట్లు కూడా కుడి పక్కకే పోయాయి. అలా పల్లం దాకా దిగి, ఏటి మీద చప్టా దాటి, అవతల ఒడ్డు ఎక్కాం. నేను వెళ్ళాలనుకున్నది ఏరోడ్రంకి.

ఏరోడ్రం అంటే రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్ళు వేసిన రన్‌వే. ముసలివాళ్ళ నోట్లో ఆ మాట నలిగి ఏరుడ్రం అయింది. ఏరు పక్కనే ఉంది కాబట్టి ఎవరూ అనుమానపడలేదు. బళ్ళో ఆ యుద్ధం నేను ఏటేటా చెబుతాను. కారణాలు, ఫలితాలు, మ్యాపులో బెర్లిన్, టోక్యో. ఏరుడ్రం మ్యాపులో లేదు కాబట్టి పరీక్షలో రాదు. యుద్ధం మా వైపు రాలేదని కాదు. వచ్చింది, పెట్రోలు పోయించుకుని వెళ్ళిపోయింది. ఎండ చూసి ఆగలేదు. ఇప్పుడు ఎన్నికలు వచ్చినప్పుడల్లా అక్కడ పెద్ద విమానాశ్రయం వస్తుందంటారు. విమానం సంగతి అటుంచి, చుట్టూ ప్లాట్ల హద్దురాళ్ళు మాత్రం దిగాయి.

నాకు కావలసింది చరిత్ర కాదు. ఎటు చూసినా ఏమీ లేని చోటు. కాలువ లేదు, గోడ లేదు, చెట్టు లేదు. పగిలిన సిమెంటు నేల, దూరంగా కొండ, మధ్యలో గాలి. ఆ పక్క కూడా ఏమీ లేకపోతే, కనపడకపోయినా ప్రమాదం ఉండదు కదా అని నా లెక్క.

ఏమీ లేదనుకున్నాను కానీ మిర్చి ఉంది. ఎండుమిర్చి కోతల కాలం. పక్క ఊరివాళ్ళు రన్‌వేకి ఒక పక్కన చాలా దూరం కాయలు ఆరబోశారు. ఘాటు ముందే వచ్చి ముక్కు పట్టుకుంది. ఒక ముసలావిడ కాళ్ళకి పాత సంచులు చుట్టుకుని, కాయల మధ్య నడుస్తూ పాదాలతో వాటిని తిరగేస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది.

"ఏమ్మా, ఆయన సైకిలేసుకోని ఎగరతాడా ఏంది?"

"తొక్కడానికొచ్చాం పెద్దమ్మా. కొంచెం ఒంట్లో బాగోలేదు ఆయనకి."

"బాగలేకుంటే ఇంట్లో పడుకోబెట్టాల గానీ యెండలో తిప్పుతావా? బాగుంది సంబడం." తిట్టేశాక ఆవిడకి స్నేహం కలిసింది. "మా అత్త చెప్పేది. ఇమానాలు దిగేటప్పుడు యీ మిట్ట మీదంతా బర్రెలే మేస్తా ఉండేయంట. అది పైన గుండ్రంగా తిరగతా ఉంటే, ఊళ్ళో ఆడోళ్ళంతా కర్రలు పట్టుకోని వచ్చి బర్రెల్ని తోలేవోళ్ళంట. అవి పోతేగానీ ఇది దిగదు. తెల్లోడు దిగి దండం గూడా పెట్టేవోడంట."

యుద్ధంలో మా ప్రాంతం పాత్ర ఏమిటో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. మా ఆయనకి ఈ కథ బాగా నచ్చింది. ఎక్కడైనా బండికి ముందు దారి చూపించేవాళ్ళు ఉండాల్సిందేనన్నారు. తరవాత కాసేపు ఆ సిమెంటు నేలని అటూ ఇటూ చూశారు. అటు అంటే కుడి, ఇటు అంటే ఇంకాస్త కుడి.

"ఇక్కడ నేనొక్కణ్ణే పోతా. నువ్వు రావాకు" అన్నారు.

వద్దనడానికి కారణం వెతికాను. దొరకలేదు. మిర్చి కూడా ఆయనకి కనిపించే పక్కనే ఉంది.

"వెళ్ళిరండి" అన్నాను.

వెళ్ళారు. ఆయన చిన్నగా అయిపోతూ ఉంటే నేను నీడ కూడా లేని చోట నిలబడి చూశాను. పెళ్ళైన కొత్తలో ఆయన్ని పొద్దుటి బస్సుకి పంపి ఇలాగే వీధిలో నిలబడేదాన్ని, కానీ అప్పుడు వస్తారన్న నమ్మకం ఉండేది. ఇప్పుడది లేదు. సైకిలు అటు ఇటు కాస్త ఒంకర్లు పోయింది, సర్దుకుంది. ఆ చివర కుడికి పెద్ద చుట్టు తిరిగి, మళ్ళీ మా వైపుకి వచ్చింది. ముసలావిడ కూడా కాయలు తిరగెయ్యడం మానేసి చూస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు నేను ఆయనకి ఎడమ పక్క అయ్యాను. ఆయన సరిగ్గా నా పక్కకే వచ్చి, బ్రేకు వేసి, కుడికాలు నేల మీద ఆనించారు. చెయ్యి చాపితే నాకు హ్యాండిల్ అందుతుంది. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ మొహంతో ముందుకి చూశారు, కుడికి చూశారు. నేను లేను.

"ఏమే" అన్నారు.

నోటిదాకా వచ్చిన జవాబుని పళ్ళ మధ్య పట్టి ఆపాను. కుడి పక్కకి వెళ్ళిపోదామని కాళ్ళు లాగాయి. వాటినీ ఆపాను.

"ఏమే! యాడికి పోయావే?"

ముసలావిడ నోరు తెరవబోయింది. నేను వద్దని చెయ్యి ఊపాను. ఆవిడ నన్ను రాక్షసిని చూసినట్టు చూసింది. ఆ నిమిషంలో నా అభిప్రాయం కూడా అదే. ఆయన గొంతు మారిపోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను ఆ గొంతు వినలేదు. ఆటో తగిలినప్పుడు లేదు, అన్‌ఫిట్ అన్నప్పుడు లేదు. ఆయన భయపడ్డారు. నేను లేకుండా పోయానని, ఇంత బయలులో, దాక్కోవడానికి మొక్క కూడా లేని చోట నేను మాయమయ్యానని నిజంగా భయపడ్డారు.

మూడోసారి పిలవలేదు. ఆలోచిస్తున్నట్టు ఆగారు. కుడి పక్క మళ్ళీ చూశారు, అక్కడ పగిలిన సిమెంటు నేల ఉంది, దూరంగా కొండ ఉంది. తరవాత బస్సులో ఎడమ అద్దం చూసుకోవడానికి వంగినట్టు ముందుకి వంగి, మెడ కొంచెం తిప్పారు. చాల్లేదు. భుజం తిప్పారు. ఇంకా తిప్పారు. నా చెయ్యి కనపడింది కాబోలు, అక్కడ ఆగి, చేతి మీదుగా పైకి వచ్చి, నా మొహం దొరికించుకున్నారు.

"ఎప్పుట్నించి ఉన్నావే ఈడ?"

"మీరు వచ్చినప్పట్నించీ ఇక్కడే ఉన్నానండీ."

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"ఇటేపు ఏం లేదనుకుంటన్నా ఇన్నాళ్ళూ" అన్నారు. "ఇటేపు ఉంది. నాకే లేదు."

నాకు కళ్ళనీళ్ళు కారిపోయాయి. మిర్చి ఘాటు అని చెబితే ఎవరైనా నమ్మే చోటే అది. నేను చెప్పలేదు. ఆయన తల ముందుకి తిప్పుకుని, హ్యాండిల్ సరిచేసుకున్నారు. నేను నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. కాసేపటికి, ఎవరూ పిలవకుండానే, ఆయన మళ్ళీ మెడ ఎడమకి తిప్పి, నేనున్నానో లేదో చూసుకున్నారు.